వాడిన కార్బన్ సిరామిక్ బ్రేకులు: కళ్లా, వెర్నియరా, కాటానా?

"అన్నా, 9,000 మైళ్లే తిరిగింది. డిస్కులు అద్దంలా ఉన్నాయి. తీసేసుకోనా?"

నేను కార్బన్ సిరామిక్ బ్రేకులున్న పాత స్పోర్ట్స్ కారు, కార్వెట్ జెడ్‌ఆర్1 కొన్నానని తెలిసినప్పటి నుంచి డాలస్‌లో మనవాళ్లు ఎవరో ఒకరు ఇలా ఫొటోలు పంపుతూనే ఉన్నారు. బ్రేకు వేస్తే డిస్కును బిగించి పట్టే నీలం కాలిపర్లు, వాటి వెనక 394 మిల్లీమీటర్ల డిస్కు, ఫొటోలో అన్నీ బాగానే ఉంటాయి. నాలుగు డిస్కులూ కొత్తవి వేయించాలంటే మాత్రం వేల డాలర్లు అవుతుంది. టెన్షన్ అంతా అక్కడే.

ఇనప డిస్కు అయితే ఇంత గొడవ లేదు. అరిగిన కొద్దీ పలచబడుతుంది, కొలిస్తే తెలిసిపోతుంది. ఈ కార్బన్ సిరామిక్ డిస్కులు సిలికాన్ కార్బైడ్ అనే గట్టి సిరామిక్‌లో కార్బన్ పోగులు కలిపి చేసినవి. మామూలుగా రోడ్డు మీద తిప్పితే ఏళ్ల తరబడి ఏమీ కావు. రేస్ ట్రాక్ మీద పదే పదే గట్టిగా బ్రేకులేసి వేడెక్కిస్తే ఆ వేడికి గాలిలోని ఆక్సిజన్ కార్బన్‌ను కాల్చేస్తుంది. డిస్కు మందం దాదాపు అలాగే ఉంటుంది, లోపల సరుకు తగ్గిపోతుంది. చెదపట్టిన ద్వారబంధం లాంటిదే, రంగు చూస్తే నిక్షేపంగా ఉంటుంది.

అందుకే మందం కొలిచే వెర్నియర్ మీద నాకు నమ్మకం లేదు. ఫస్టియర్ ల్యాబ్‌లో అందరం పట్టుకున్నదే కాబట్టి చేతికి అలవాటైన పరికరం, ఇక్కడ మాత్రం కొలవాల్సినదాన్ని అది కొలవదు. నేను మొదట చూసిన కారుకు అమ్మేవాళ్లు మందం కొలతల కాగితం చూపించి "ఇంకా 90 శాతం ఉంది" అన్నారు. బతిమాలి డిస్కులు విప్పించి తూచాను. ముందువి రెండూ కనీస బరువుకు 20 గ్రాములు కూడా ఎక్కువ లేవు.

కాటా మేలనడానికి కారణం అదే. ఈ కార్వెట్ డిస్కుల మధ్యభాగం మీద కనీస బరువు అచ్చేసి ఉంటుంది. అంతకన్నా తగ్గితే డిస్కు పని అయిపోయినట్టే, అందులో వాదన లేదు. తూచేటప్పుడు కొంచెం శ్రద్ధ కావాలి. డిస్కును మధ్యభాగంతో సహా పెట్టాలి. ప్యాడ్ పొడి కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి, తడికీ బరువుంటుంది. బాత్రూమ్ కాటా పనికిరాదు, గ్రాముల్లో చూపించే పార్సిల్ కాటా కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, చక్రం తీసేటప్పుడు డిస్కు అంచుకు తగలనివ్వకండి. చక్రం పక్కకు జారకుండా ఆపే గైడ్ పిన్ను పెట్టకుండా లాగేస్తే అంచు పెచ్చు లేస్తుంది. పరీక్ష చేయబోయి మనమే పాడుచేసినట్టవుతుంది.

పోర్షా కొనేవాళ్ల దారి వేరు. అక్కడ కార్బోటెక్ అనే మీటరు ఉంది. డిస్కు మీద మూడు చోట్ల పెడితే విద్యుత్ ధర్మాలను బట్టి కార్బన్ ఎంత మిగిలిందో అంచనా వేస్తుంది. ఫ్యాక్టరీలో తీసిన అంకెలు డిస్కు మీదే ఉంటాయి, వాటితో పోల్చుకోవడమే. చక్రం విప్పితే చాలు, డిస్కు విప్పక్కర్లేదు. ఆ సౌకర్యం కాటాకు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ మీటరు వర్క్‌షాప్ వాళ్ల దగ్గరే ఉంటుంది, వాళ్లు చెప్పింది మనం వినాలి. "బాగుంది" అన్న మాట కాకుండా మూడు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. కాటా అయితే ఇద్దరి కళ్ల ముందే తేలిపోతుంది, నాకు అదే ఇష్టం.

కళ్లతో చూడటం దండగేమీ కాదు. అంచు పెచ్చులు, రంధ్రాల చుట్టూ పగుళ్లు, పోగులు కాలి గరుకుగా, గుంతలు గుంతలుగా మారిన చోట్లు కనిపిస్తే ఇక తూచే పని కూడా లేదు. ఏమీ కనిపించలేదంటే మాత్రం బాగున్నట్టు కాదు. టెస్ట్ డ్రైవ్‌తో బ్రేకు పడుతుందని తెలుస్తుంది, అంతే.

మైళ్ల సంగతి కూడా చెప్పాలి. చివరికి నేను కొన్నది 31,000 మైళ్లు తిరిగిన బండి. ట్రాక్ ముఖం చూడలేదు. నాలుగు డిస్కులూ కనీస బరువుకు చాలా పైనే తూగాయి.

కాబట్టి తమ్ముడూ, నీ 9,000 మైళ్ల బండికి కనీసం ముందు డిస్కులైనా విప్పి తూచనిస్తారేమో అడుగు. బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం పడేది వాటి మీదే. కుదరదంటే ఆ రెండూ పోయినట్టే లెక్కేసి బేరమాడు.