మొదటి ఊలు టోపీ: రెండు సూదులా, సర్క్యులర్ సూదా?

టోపీ అల్లుదామని కూర్చున్నవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది సూదుల సంగతి. రెండు నిటారు సూదుల మీద వెడల్పాటి ముక్క ఒకటి అల్లి, చివర్లో పక్కలు కలిపి కుట్టుకోవచ్చు. లేదంటే మధ్యలో తీగ ఉన్న సర్క్యులర్ సూది మీద మొదటి నుంచీ గొట్టంలా గుండ్రంగా అల్లుకుంటూ పోవచ్చు. "కొత్తవాళ్లకు నిటారు సూదులే తేలిక, గుండ్రంగా అల్లడం తర్వాత చూసుకోవచ్చు" అని చాలామంది అంటారు. నాకూ అలాగే చెప్పారు, నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే మాత్రం సర్క్యులర్ సూదే తీసుకోమంటాను.

నిటారు సూదుల్లో సుఖం లేకపోలేదు. అప్పటికే ఒక మఫ్లర్ అల్లి ఉంటే చేతులకు ఆ కదలిక అలవాటై ఉంటుంది. ముక్క కళ్ల ముందు పరుచుకుని ఉంటుంది కాబట్టి కుట్టు జారినా వెంటనే కనిపిస్తుంది. చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. టోపీ పైకి కనిపించే నున్నటి ముఖం, అదే చిన్న చిన్న వీ ఆకారాలు వరుసగా పేర్చినట్టు ఉండేది, రెండు సూదుల మీద రావాలంటే ఒక వరుస నిట్ (దారం వెనక ఉంచి అల్లే మామూలు కుట్టు), తర్వాతి వరుస పర్ల్ (దారం ముందుకు తెచ్చి అల్లే తిరగేసిన కుట్టు) అల్లాలి. కొత్తవాళ్ల చేతిలో పర్ల్ చాలాసార్లు నిట్ కంటే వదులుగా వస్తుంది. నా మొదటి ముక్కను కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి చూస్తే, ఒక వరుస బిగుతు, ఒక వరుస వదులు, అడ్డంగా చారలు చారలుగా కనిపించింది. ఉతికాక కొంత సర్దుకుంది కానీ పూర్తిగా పోలేదు.

గుండ్రంగా అల్లేటప్పుడు ఈ గొడవే ఉండదు. ముక్కను తిప్పే పని లేదు, పైముఖం ఎప్పుడూ మనవైపే ఉంటుంది. ప్రతి చుట్టూ నిట్ అల్లుకుంటూ పోతే ఆ నున్నటి ముఖం దానంతట అదే వస్తుంది. అంచుకు సాగే పట్టీ కావాలంటే రెండు నిట్, రెండు పర్ల్ మార్చి మార్చి అల్లే రిబ్ వేయాలి. అదీ రాదనుకుంటే రిబ్ మానేసి మొదటి చుట్టు నుంచీ నిట్టే అల్లండి. ఈ రకం అల్లిక అంచు సహజంగా బయటికి చుట్టుకుంటుంది, అదే టోపీకి అందమైన మడతలా ఉంటుంది. అంటే పర్ల్ ఒక్కటి కూడా రాకుండా టోపీ మొత్తం పూర్తి చేయొచ్చు. నిటారు సూదులే తేలిక అనేవాళ్లు ఈ సంగతి ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ఇక పక్క కుట్టు. అల్లడం పూర్తయిందన్న సంతోషంలో ఉండగా వచ్చి పడే పని ఇది. నేను రెండు అంచులూ పట్టుకుని పైనుంచి చుట్టి చుట్టి కుట్టేశాను. తల వెనకాల తాడులా ఉబ్బెత్తు గీత వచ్చింది, పెట్టుకున్నప్పుడల్లా ఒరుసుకునేది. విప్పి మళ్లీ కుట్టాను. సరైన పద్ధతి ఇలా ఉంటుంది: రెండు అంచుల పైముఖాలూ మనవైపు ఉండేలా పక్కపక్కన పెట్టాలి. అంచు కుట్టును కొంచెం పక్కకు లాగితే లోపల నిచ్చెన మెట్లలాంటి అడ్డ పోగులు కనిపిస్తాయి. ఇటు ఒక మెట్టు, అటు ఒక మెట్టు సూదితో ఎత్తుకుంటూ నాలుగైదు మెట్లకోసారి దారం మెల్లగా లాగితే అంచులు లోపలికి దిగిపోయి అతుకు మాయమవుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నేర్చుకోవాల్సిందే. కానీ మొదటి టోపీతోనే దాన్నీ తలకెత్తుకోవడం ఎందుకు?

సర్క్యులర్ సూదిలో ఉన్న టెన్షన్ అంతా మొదట్లోనే, కుట్లు గుండ్రంగా కలిపేటప్పుడే. సూదికి ఎక్కించిన కుట్లు తీగ చుట్టూ మెలి తిరిగి ఉండగా కలిపేస్తే టోపీ కాస్తా మెలిక పడ్డ పట్టీ అవుతుంది, ఎంత అల్లినా సరికాదు. అందుకే ఒళ్లో పెట్టుకుని కలపకండి. బల్ల మీద పెట్టి, కుట్ల కింద ముడుల్లా కనిపించే అంచు చుట్టూతా లోపలివైపే ఉందో లేదో వేలితో తడుముతూ ఒక చుట్టు చూడండి. ఉండ నుంచి వచ్చే దారం కుడిచేతి సూది వైపు ఉండాలి. అక్కడొక మార్కర్ (చుట్టు ఎక్కడ మొదలైందో గుర్తు చెప్పే చిన్న రింగు) తగిలించి మొదటి కుట్టు అల్లండి. ఒక చుట్టు అయ్యాక ఆగి మళ్లీ చూసుకోండి. అప్పటికి మెలిక కనబడినా, కలిపిన చోట ఉన్న ఒక్క దారం దగ్గర తిప్పి సరిచేయొచ్చు. రెండు మూడు చుట్లు దాటితే విప్పడం తప్ప దారి లేదు. ఐదు నిమిషాల జాగ్రత్త, అదీ ఒక్కసారే. పక్క కుట్టుకు పట్టే సమయంతో పోలిస్తే ఇది నాకు ఎప్పుడూ లాభంగానే అనిపించింది.

పెద్దవాళ్ల టోపీకి 40 సెంటీమీటర్ల సర్క్యులర్ సూది సరిపోతుంది. పైభాగంలో కుట్లు తగ్గిస్తూ పోయేకొద్దీ అవి ఆ చుట్టంతా సాగలేవు. అప్పుడు రెండువైపులా మొన ఉన్న ఐదు పొట్టి సూదుల సెట్‌కు మారాలి. లేదా మొదటి నుంచే 80 నుంచి 100 సెంటీమీటర్ల పొడవు తీగ ఉన్న సూది తీసుకుని, మిగిలిన తీగను పక్కకు లాగుతూ అల్లాలి. దీన్నే మ్యాజిక్ లూప్ అంటారు. ఒక్క సూదితో పని అయిపోతుంది కానీ, ప్రతి చుట్టుకూ రెండుసార్లు ఆగి తీగ లాగాలి, చేతి లయ తెగుతుంది. నా ఓటు పొట్టి సూదులకే, అవి కావాల్సింది ఆ చివరి కొన్ని చుట్లకే కదా. అవీ లేవా? టోపీ పూర్తి పొడవు వచ్చాక ఒక చుట్టంతా రెండేసి కుట్లు కలిపి అల్లేయండి. చుట్టు చివర్లో కాస్త గట్టిగా లాగాల్సి వస్తుంది. తర్వాత దారం తెంపి, మిగిలిన కుట్లన్నిట్లోంచీ దూర్చి బిగించండి. కొంచెం కుచ్చులా వస్తుంది, పైన ఊలు బంతి కుట్టుకుంటే సరిపోతుంది.

నిటారు సూదులే మేలయ్యే సందర్భం ఒకటి ఉంది. ఇంట్లో అవే ఉన్నాయి, నిట్ ఒక్కటే వచ్చు, ఇవాళే మొదలుపెట్టాలని ఉంది. అప్పుడు ప్రతి వరుసా నిట్టే అల్లండి. గార్టర్ అనే ఈ అల్లిక మందంగా, బాగా సాగేలా వస్తుంది, అంచులు చుట్టుకోవు. నున్నటి ముఖం ఉండదు, పక్క కుట్టు తప్పదు. మేకులున్న గుండ్రటి లూమ్ మీద కూడా టోపీ వస్తుంది, త్వరగానే వస్తుంది. కానీ సూది పట్టుకోవడం నేర్పదు కాబట్టి దాని గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను.

ఊలు విషయంలో మధ్యస్థ మందం, లేత రంగు చాలు. నలుపులో కుట్లు కనబడవు, నూగు ఎక్కువున్న దారం విప్పడానికి రాదు. నూలు దారం సాగదు, టోపీ కొన్నాళ్లకు వదులైపోతుంది. అక్రిలిక్ ఉతకడానికి సులువు. అసలైన గొర్రె ఊలు మాత్రం చేతి హెచ్చుతగ్గులను ఇంకే దారమూ దాచనంతగా దాస్తుంది. నుదుటి దగ్గర గుచ్చుకోని మెత్తటి రకం దొరికితే అదే తీసుకోండి. ఒక టోపీకి 100 గ్రాములు సరిపోతుంది.

5 మిల్లీమీటర్ల సూది మీద ఇలాంటి దారంతో 10 సెంటీమీటర్లకు సుమారు 18 కుట్లు వస్తాయి. 88 కుట్లు ఎక్కిస్తే చుట్టుకొలత దాదాపు 49 సెంటీమీటర్లు. తల 54 ఉంటే సాగి చక్కగా పట్టుకుంటుంది. రెండు సూదుల మీదైతే అతుకులోకి పోవడానికి ఇంకో రెండు కలిపి 90 ఎక్కించాలి. 88ని ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కోటి 11 కుట్లు. పైన తగ్గించే మొదటి చుట్టులో తొమ్మిది అల్లి, తర్వాతి రెండూ కలిపి ఒకటిగా అల్లాలి. అలా చుట్టంతా చేస్తే 80 మిగులుతాయి. తర్వాత తగ్గించే చుట్టులో ఎనిమిది అల్లి రెండు కలపాలి. ఇలా ఎనిమిది కుట్లు మిగిలేదాకా.

మీ చేతికి 18 బదులు 16 వస్తే అవే 88 కుట్లు 55 సెంటీమీటర్లవుతాయి, టోపీ కళ్ల మీదికి జారుతుంది. అందుకని ముందు అరచేయంత ముక్క అల్లి స్కేలు పెట్టి లెక్కపెట్టండి. కుట్లు తక్కువొస్తే 4.5 మిల్లీమీటర్ల సూదికి మారి ఇంకో ముక్క అల్లి చూడండి.