తిండికి నాలుగు స్టార్లు, మెనూ కార్డు మీది కథకి ఒకటి

అట్లాంటాలో ఒక సోల్ ఫుడ్ (అమెరికా దక్షిణాది నల్లవాళ్ళ సంప్రదాయ వంట) హోటల్ ఇది, కింద కొంచెం తిట్టబోతున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. ఫ్రైడ్ చికెన్ అదిరింది, కారం మాత్రం మన నోటికి చాలదు, మిరపకాయలు ఊరేసిన వెనిగర్ సీసా టేబుల్ మీదే ఉంటుంది, మొహమాటపడకుండా వంచుకోండి. కొలార్డ్ ఆకుకూర ఇంకా బాగుంది, పొగబెట్టిన టర్కీ ముక్కలతో మెత్తగా ఉడికించి, అడుగున నల్లటి రసంతో సహా ఇస్తారు, అందులో కార్న్‌బ్రెడ్ అద్దుకుని తినాలి. వెజ్ వాళ్ళు జాగ్రత్త, ఆకుకూరే కదా అని ఆర్డర్ చేసేయకండి.

నా గొడవంతా మెనూ కార్డుతోనే. బానిసత్వం పోయాక నల్లవాళ్ళు స్వేచ్ఛగా వండుకున్న విందట ఇదంతా! విందు ఎక్కడిదండీ? 1865లో స్వేచ్ఛ వచ్చింది గానీ చేతికి భూమి రాలేదు. సౌత్ కరోలినా ఎడిస్టో దీవిలో కొందరు సాగు మొదలుపెట్టిన భూముల్ని కూడా ప్రెసిడెంట్ ఆండ్రూ జాన్సన్ పాత దొరలకే తిరిగి ఇప్పించాడు, ఆ కబురు చెప్పడానికి ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో (బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళకి సాయం చేసే ప్రభుత్వ సంస్థ) అధిపతి జనరల్ హోవర్డ్ అక్టోబర్‌లో స్వయంగా వెళ్ళాడు. ఆకలితో ఉన్నవాళ్ళకి మొక్కజొన్న, పంది మాంసం లాంటి రేషన్ ఇచ్చింది ఆ బ్యూరోయే (పేద తెల్లవాళ్ళకి కూడా). ఇస్తూ పోతే జనం సోమరులైపోతారని అప్పుడూ అదే మాట! 1866 శరదృతువులో ఆస్పత్రులకి, అనాథాశ్రమాలకి తప్ప ఆపేశారు, పంటలు పోయి జనం అల్లాడుతుంటే మరుసటి ఏడాది మళ్ళీ ఇవ్వాల్సి వచ్చింది.

ఆ తర్వాతంతా పాలికి సాగు. పంటలో సగం దొరకి, మిగిలింది షావుకారు పద్దుకి, ఏడాది చివర లెక్క చూస్తే చాలామందికి బాకీయే మిగిలేది. అప్పు పుట్టేది పత్తి మీద కాబట్టి గుమ్మం దాకా పత్తే వేయించేవాళ్ళు, ఇక కూరగాయలకి చోటెక్కడ? మొక్కజొన్న పిండి, బెల్లం పాకం లాంటి మొలాసిస్, పంది కొవ్వు, రోజూ ఇవే. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా సౌత్ పేదల్ని పీడించిన పెల్లాగ్రా (నియాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) ఈ తిండి వల్లే వచ్చింది. జొన్నల మీదే బతికిన మన దక్కన్ కూలీల్లోనూ అదే జబ్బు మీద హైదరాబాద్ పోషకాహార శాస్త్రవేత్తలు పనిచేశారు. ఇదంతా కార్డు మీద రాయమనను, కనీసం ఆ విందు అన్న మాట తీసేస్తే చాలు.

మేనేజర్‌కి చెప్తే, ఓనర్ రాయించాడండీ అని నవ్వేశాడు. మనిషి మంచివాడే, ఆకుకూర ఇంకో గిన్నె ఊరికే ఇచ్చాడు. ప్లేట్ ఇద్దరికి సరిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వెళ్ళకండి, చర్చి వదిలాక లైను పార్కింగ్ దాకా ఉంటుంది.