బిర్యానీ, ఫ్రైడ్ రైస్, తందూరీ రొట్టె: పార్సిల్ మేలా, ఇంటి పొయ్యి మేలా?

ఆదివారం పన్నెండు దాటేసరికి మా ఇంట్లో ఒక చర్చ తప్పకుండా మొదలవుతుంది: ఈ పూట బిర్యానీ తెప్పించుకుందామా, వండుకుందామా? ఇంట్లో వండితే చవక, బయట కొంటే ఖరీదు అన్న ఒక్క మాటతో ఈ చర్చ తేలిపోతుందని చాలాకాలం నేనూ నమ్మాను. అయితే కొన్నాళ్లుగా కిరాణా చీటీలనూ పార్సిల్ బిల్లులనూ ఒకే పుస్తకంలో రాసుకుంటూ వచ్చాక, ఏది మేలన్నది వంటకాన్ని బట్టి, తినేవారి సంఖ్యను బట్టి మారిపోతుందని తెలిసింది. పార్సిల్‌కు ఇచ్చే డబ్బు అసలు దేనికి ఇస్తున్నామన్నది ముందుగా తేల్చుకోవాలి. కొన్ని వంటకాల్లో అది సరుకుకూ మనిషి శ్రమకూ ఇచ్చే వెల; ఆ రెండూ మన ఇంట్లో సమకూరేవే. మరికొన్నింటిలో అది హోటల్ వంటశాలలోని నిప్పుకు ఇచ్చే వెల. ఆ నిప్పు మన ఇంటి పొయ్యి మీద పుట్టదు.

బిర్యానీతోనే మొదలుపెడతాను. హైదరాబాదులో మా పేటలోని ఒక మోస్తరు హోటల్లో సింగిల్ చికెన్ బిర్యానీ 290 రూపాయలు. పేరుకు సింగిలే గానీ ఇద్దరు కడుపునిండా తినవచ్చు. యాప్‌లో తెప్పిస్తే 5 శాతం జీఎస్టీ, ప్యాకింగ్, డెలివరీ ఖర్చులు కలిసి 355 రూపాయల దాకా అవుతుంది. అదే ఇద్దరికోసం ఇంట్లో వండితే 400 గ్రాముల కోడిమాంసానికి 105, పావుకిలో బాస్మతికి 35, పెరుగు, ఉల్లిపాయలు, నూనె, నెయ్యి, పుదీనా, కొత్తిమీర, మసాలా దినుసులు, గ్యాస్ అన్నిటికీ కలిపి 110, వెరసి 250 రూపాయలు. మూడు గంటల పనికి మిగిలింది 105 రూపాయలు. ఆరుగురు కూర్చునే రోజున లెక్క ఇలా ఉండదు. మూడు సింగిళ్లు తెప్పిస్తే 985 రూపాయల దాకా అవుతుంది; ఇంట్లో కిలోం పావు మాంసం, ముప్పావు కిలో బియ్యంతో వండితే 600 దాటదు. శ్రమ మాత్రం ఇద్దరికి వండినా ఆరుగురికి వండినా దాదాపు ఒక్కటే. ఉల్లిపాయలు కొన్ని ఎక్కువ తరగాలి, అంతే. అందుకే ఇద్దరున్న ఇంటికి పార్సిలే మేలని, నలుగురు దాటితే వండుకోవడమే మేలని నేను నిర్ణయించుకున్నాను.

డబ్బు లెక్క తేలినా రుచి లెక్క మిగిలే ఉంటుంది. హైదరాబాదు బిర్యానీకి పేరు తెచ్చింది కచ్చీ పద్ధతి. మసాలాలో నానిన పచ్చి మాంసాన్ని అడుగున పరిచి, సగానికి పైగా ఉడికిన బియ్యాన్ని దానిపైన వేసి, మూత అంచుకు గోధుమపిండి ముద్ద మెత్తి దమ్ పెడతారు. మాంసమూ అన్నమూ ఒకేసారి ఉడికి రావడమే ఇందులోని నేర్పు. హోటల్లోని దేగ్ అనే పెద్ద వంటపాత్రకు ఉన్న బరువు, దాని చుట్టూ, మూత మీద పరిచిన బొగ్గుల వేడి ఆ నేర్పుకు తోడు నిలుస్తాయి. మన ఇంటి గిన్నెకు వేడి కిందినుంచే అందుతుంది. మొదటిసారి కచ్చీ వండిన రోజున నేను పలుచని అడుగున్న గిన్నె తీసుకున్నాను. కింద పెనం పెట్టలేదు. మాంసాన్ని గంటసేపే నానబెట్టాను. మూత తీసినప్పుడు పైన వాసన అద్భుతంగా ఉంది. గరిటె అడుగుకు దించితే పెరుగు మసాలా నల్లగా అంటుకుపోయి ఉంది, తొడ ముక్క విరిస్తే ఎముక దగ్గర ఇంకా ఎర్రగానే ఉంది. అన్నాన్ని వేరుచేసి, ముక్కల్ని మళ్లీ ఉడికించి, రెండింటినీ కలిపేసరికి మెతుకులన్నీ ముద్దయ్యాయి. ఆ రోజు ఖర్చయిన సరుకుతో రెండు పార్సిళ్లు వచ్చేవి.

అప్పటినుంచి ఇంట్లో పక్కీ పద్ధతినే పాటిస్తున్నాను. మాంసాన్ని పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, వేయించిన ఉల్లిపాయలతో కలిపి ముప్పావు వంతు ఉడికించి, ఆ తర్వాతే బియ్యం పరుస్తాను. దళసరి పెనం మీద గిన్నె పెట్టి సన్నటి మంటపై ఇరవై నిమిషాలు దమ్ ఇస్తే చాలు. మాంసపు రసం పచ్చిగా పైకెక్కి ప్రతి మెతుకులోకీ ఇంకడం కచ్చీలోనే సాధ్యం. పక్కీలో అడుగు పొర కాస్త కూర అన్నంలా అనిపిస్తుందన్న మాట నిజమే. అయినా బడ్జెట్ చూసుకుని వండే ఇంటికి, సరుకు పాడవని పద్ధతే మంచి పద్ధతి. మటన్ విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది. కచ్చీ మటన్‌కు పచ్చి బొప్పాయి ముద్ద పట్టించాలి. అందులోని పపేన్ అనే ఎంజైమ్ మాంసాన్ని మెత్తబరుస్తుంది. మోతాదు మించితే ముక్క పిండిలా విడిపోతుంది, తగ్గితే నమలడానికి రాదు. చేయి తిరగనివారు మటన్ బిర్యానీని కొనుక్కోవడమే మేలు.

ఏ పద్ధతిలో వండినా బియ్యమే ప్రాణం. అరగంట నానిన బాస్మతిని, నోట్లో వేసుకుంటే కాస్త ఎక్కువైందనిపించేంత ఉప్పు వేసి షాజీరా, లవంగాలు, యాలకులతో మరిగించిన నీటిలో ఉడికించాలి. ఒక మెతుకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూడాలి. అది రెండు మూడు ముక్కలుగా విరిగి, మధ్యలో తెల్లటి చుక్క కనబడితే అదే వార్చవలసిన క్షణం. ఉల్లిపాయలను కూడా బంగారు రంగు రాగానే తీసేయాలి, ఎందుకంటే నూనెలోంచి తీశాక కూడా వాటి రంగు ముదురుతూనే ఉంటుంది. ఆ నూనెనే మాంసంలోకి వాడితే చుక్క వృథా కాదు, మసాలాకు ప్రత్యేకమైన వాసనా వస్తుంది. ఇక పార్సిల్‌తో వచ్చే సాలన్ పొట్లం ఒక్కరికే చాలదు. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, చింతపండు ప్రతి ఇంటి డబ్బాల్లో ఉండేవే కాబట్టి ఇంట్లో గిన్నెడు చేసుకోవచ్చు.

సాయంత్రం బండి మీద దొరికే ఎగ్ ఫ్రైడ్ రైస్ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఇంట్లోదే మేలు. మా వీధి చివర ప్లేటు 80 రూపాయలు. రెండు ప్లేట్లకయ్యే 160 రూపాయలకు బదులు, ఇంట్లో మిగిలిన అన్నం, మూడు గుడ్లు, పిడికెడు క్యారట్, బీన్స్, క్యాబేజీ, చెంచాడు సోయా సాస్, వెనిగర్, మిరియాల పొడి అన్నీ కలిపినా 75 రూపాయలు మించవు. పావుగంటలో పని ముగుస్తుంది. బండి మీద వాడేది కూడా బాస్మతి కాదు, మనం రోజూ తినే సోనామసూరి లాంటి బియ్యమే. బండి అతను కడాయిని ఎగరేసినప్పుడు హోరుమనే మంట అంచు దాటి లోపలికి తొంగి చూస్తుంది. ఆ వేడికి కూరగాయల తడి క్షణంలో ఆవిరైపోయి, అన్నానికి కాస్త పొగ వాసన అంటుతుంది. మన స్టవ్‌కు అంత మంట లేదు గనుక, కడాయిలో అన్నం ఎంత తక్కువ వేస్తే వేడి అంత నిలుస్తుందన్న సూత్రాన్ని పట్టుకోవాలి. ఇనుప మూకుడును పొగ లేచేదాకా కాల్చి, ఒక్కో ప్లేటుకు సరిపడా మాత్రమే వేయించాలి. గుడ్డును ముందుగా పొరటి పక్కకు తీసుకోవాలి. సాస్‌ను అన్నం మీద కాకుండా మూకుడు అంచున పోయాలి, అక్కడ అది చుయ్యిమని మాడీ మాడనట్టు కాగి వాసన పుట్టిస్తుంది.

చాలామందికి తేడా తెలియనిది అన్నం విషయంలోనే. అప్పుడే దించిన అన్నంలో తడి ఎక్కువ కాబట్టి ముద్దయిపోతుంది. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉన్న అన్నం బిరుసెక్కి పొడిపొడిగా విడిపోతుంది. కానీ ఆ అన్నం రాత్రంతా బయట గిన్నెలో ఉండకూడదు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా అలాంటి అన్నంలో పెరిగి విషపదార్థాన్ని వదులుతుంది. తర్వాత ఎంత వేయించినా ఆ విషం పోదు. వార్చిన గంటలోగా వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మజ్జిగలో పులిసిన చద్దన్నం సంగతి వేరు, గిన్నెలో వదిలేసిన అన్నం సంగతి వేరు. ఇక బండి రుచిలో అజినమోటో పాత్రను దాచవలసిన పనిలేదు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచులో గుర్తించిన గ్లుటమేట్ రుచే అది. టమాటాల్లోనూ సహజంగా ఉంటుంది. చిటికెడు వేస్తే చాలు, ఇష్టం లేనివారు మానేయవచ్చు.

చికెన్ 65కు వచ్చేసరికి డబ్బు లెక్క ఇంత తేలికగా తేలదు. మద్రాసులోని బుహారీ హోటల్లో పుట్టిందని చెప్పుకునే ఈ వేపుడు, మాంసం ధర కన్నా నూనె ధరతో ముడిపడిన వంటకం. 300 గ్రాముల ముక్కలు వేయించడానికి అరలీటరు నూనె పోస్తే, ఆ మిగిలిన నూనెను వడగట్టి రెండు మూడు రోజుల్లో కూరల్లో వాడేసే ఇంటికే అది గిట్టుబాటు. పారబోసే ఇంటికి పార్సిలే చవక. అయినా నేను ఇంటివైపే మొగ్గుతాను. నూనె పదేపదే కాగినప్పుడు అందులో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం మించితే ఆ నూనె వంటకు పనికిరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నుంచి అమలుచేస్తున్న నిబంధన చెబుతోంది. ఏ మూకుట్లో నూనె ఎన్నిసార్లు కాగిందో కొనే మనకు కనబడదు. పైగా వేడి వేపుడును మూసిన డబ్బాలో పెడితే దాని ఆవిరికి అదే మెత్తబడిపోతుంది. కరకరలాడాలంటే పొయ్యి పక్కనే నిలబడి తినాలి.

దోసె విషయంలో చర్చ అక్కర్లేదు. ఒక పాలు మినపప్పు, మూడు పాళ్ల బియ్యం రుబ్బుకుంటే మూడు రోజులు గడుస్తుంది. డబ్బాలో చెమర్చి వచ్చే మసాలా దోసెకు ఇంటి పెనం మీది దోసె ఎప్పుడూ పెద్దక్కే.

తందూరీ రొట్టె దగ్గర మాత్రం ఇంటి పొయ్యి ఓడిపోతుంది. నాలుగు వందల డిగ్రీల దాకా కాగిన మట్టి గోడ ఒకవైపు, కింది బొగ్గుల సెగ మరోవైపు రొట్టెను నిమిషంలో కాలుస్తాయి. అందుకే అది పైన మచ్చలు తేలి, లోపల మెత్తగా ఉంటుంది. రొట్టెకు ఒకవైపు నీళ్లు రాసి, ఇనుప పెనానికి అంటించి, పెనాన్ని మంటపై బోర్లించే ఉపాయం నేనూ పాటించి చూశాను. పైవైపు మచ్చలు వస్తాయి, తినడానికి బాగానే ఉంటుంది, కానీ తందూర్ రొట్టె కాదు. అలాగని భోజనమంతా కొననవసరం లేదు. పనీర్ బటర్ మసాలా లాంటి కూరలో నిప్పు పాత్ర తక్కువ, ఓపిక పాత్ర ఎక్కువ. టమాటాలు, జీడిపప్పు, ఉల్లిపాయలు కలిపి ఉడికించి, రుబ్బి, వెన్నలో నూనె తేలేదాకా వేయించి, 200 గ్రాముల పనీరు వేస్తే 160 రూపాయలలో ముగ్గురికి సరిపడా కూర సిద్ధమవుతుంది. రొట్టె 25 రూపాయల చొప్పున ఆరు రొట్టెలకు పన్నుతో 158 అవుతుంది. అంటే 320 రూపాయలలో భోజనం. కూర కూడా హోటల్లోదే తెప్పిస్తే 480 దాకా అవుతుంది.

మా ఇంట్లో రొట్టెలు తెచ్చే పని మా అబ్బాయిది. కూరలో పనీరు వేశాకే వాడు బయలుదేరతాడు. చేతిలో గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా, లోపల రెండు మడతలు వేసిన నూలు గుడ్డ ఉంటాయి. రొట్టెల ఆవిరిని గుడ్డ పీల్చుకుంటుంది కాబట్టి అవి చెమర్చవు, ప్లాస్టిక్ డబ్బా ఖర్చూ ఉండదు. హోటల్ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. వాడు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడగానే నేను కసూరీ మేథీని అరచేతుల మధ్య నలిపి కూరలో చల్లుతాను.