ట్రైలర్ లాగే పికప్‌కి పది ప్లై టైర్లు: ఒక సెట్టు అరగదీశాక

బండి తేలిక తరగతి పికప్. కంపెనీ ఇచ్చిన టైరు సైజు 275/65ఆర్18. వెనక తగిలించేది రెండు ఇరుసుల ట్రైలర్, సరుకుతో కలిపి 2,700 కిలోల దాకా తూగుతుంది. కంపెనీ టైర్లు అరిగాక అదే సైజులో ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం, లోడ్ రేంజ్ ఈ (బరువు మోసే తరగతిని చెప్పే ఇంగ్లీషు అక్షరం E, పది ప్లై అనేది ఇదే), ఆల్ టెర్రైన్ (రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చే) సెట్టు వేశాను. ఇప్పుడు అవీ మార్చే దశకొచ్చాయి. తేలిందేమిటో ముందే చెప్పేస్తాను. ట్రైలర్ తగిలించినప్పుడు వీటికి వంక పెట్టలేం. ఖాళీ బండితో తిరిగేటప్పుడు మాత్రం ఓర్చుకోవాలి. ఈసారి లోడ్ రేంజ్ అదే ఉంచి ట్రెడ్ (రోడ్డును తాకే గాళ్ళ భాగం) మారుస్తున్నాను. బ్రాండ్ల జోలికి పోవడం లేదు, కింద రాసినవి ఈ తరగతి టైర్లన్నిటికీ దాదాపు ఒకేలా వర్తిస్తాయి.

షాపులో ముందు ట్రెడ్ చూపిస్తారు. మీరు ముందు కాటా చీటీ తీయండి. ట్రైలర్ తగిలించి, మామూలుగా ఎక్కే మనుషులు, సామాను అంతా ఎక్కించి, ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ విడివిడిగా తూయించాలి. చాలామంది ట్రైలర్ బరువులో 12 శాతం హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుందని లెక్కేసి అక్కడితో ఆగిపోతారు. 2,700లో 12 శాతం సుమారు 325 కిలోలు. కానీ హిచ్ బాల్ ఉండేది వెనక ఇరుసుకు ఇంకా వెనక. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 3.7 మీటర్లు, ఇరుసు నుంచి బాల్‌కి 1.2 మీటర్లు అనుకుంటే ఆ 325 కిలోలు వెనక ఇరుసు మీద 430 అవుతాయి, ముందు ఇరుసు వంద కిలోలకు పైగా తేలికవుతుంది. బరువును ఇరుసులకు పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడితే ఇందులో కొంత ముందుకు తిరిగొస్తుంది. ఖాళీ బండిలో వెనక ఇరుసు 1,000 కిలోలు, మనుషులు, తొట్టిలో సామాను కలిపి దాని మీద ఇంకో 300, హిచ్ వల్ల 430. మొత్తం 1,730. ఒక్కో టైరు వాటా 865. ఎడమ, కుడి సమానంగా ఉండవు కాబట్టి బరువెక్కువ పడే చక్రాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు టైరు వైపు లెక్క. కంపెనీ టైరు మీద 116టీ అని ఉంది. 116 అంటే 1,250 కిలోలు, టీ అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగ పరిమితి. అయితే ఇది ప్యాసింజర్ (కారు) రకం, ఆ రకం టైరును పికప్‌కి వేసినప్పుడు ఆ బరువును 1.10తో భాగించాలన్నది నియమం. అప్పుడు మిగిలేది 1,136 కిలోలు. 865కీ దానికీ మధ్య మంచి తేడానే ఉంది. అంటే కాగితం మీద కంపెనీ టైరే సరిపోతుంది. ఈ మాట టైర్ల షాపులో ఎవరూ చెప్పరు. మీ ట్రైలర్ 1,500 కిలోల లోపుదైతే, అదీ ఎప్పుడో ఒకసారి లాగేదైతే, ఎల్‌టీ ఈ రేంజ్ మీకు అక్కర్లేదు. అదే ప్యాసింజర్ సైజులో ఎక్స్‌ఎల్ (ఎక్కువ గాలితో ఎక్కువ బరువు మోసే) టైరు దొరికితే అదే మేలు. గట్టిదనం కొంత పెరుగుతుంది, ప్రయాణం మెత్తగానే ఉంటుంది. ఎక్స్‌ఎల్ తన పూర్తి బరువు మోసేది 41, 42 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మాత్రమే, 35 కొట్టిస్తే ఆ అదనపు మోత రాదు.

మరి నాకు లోడ్ రేంజ్ ఈ ఎందుకు? బరువుకు సరిపోవడం వేరు, ఆ బరువుతో గంటలకొద్దీ వేగంగా, ఎండలో తిరగడం వేరు. కంపెనీ టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) మెత్తన. పక్క నుంచి పెద్ద లారీ దాటినప్పుడు ట్రైలర్ బండి తోకను తోస్తుంది, ఆ తోపుడు సైడ్‌వాల్ వంగడంతో మొదలై స్టీరింగ్‌లో అర క్షణం ఆలస్యంగా తెలుస్తుంది. లోడ్ రేంజ్ ఈ వేశాక, వెనక గాలి పెంచాక, ఆ ఆలస్యం పోయింది. బండి ఒక్క ముక్కలా కదులుతుంది. ఊగడానికి అసలు కారణం హిచ్ మీద బరువు 10 శాతం లోపు ఉండటమైతే మాత్రం ఏ టైరూ దాన్ని బాగుచేయదు. మొదట ట్రైలర్‌లోని సరుకు ముందుకు జరపండి.

రెండో కారణం వేడి. సైడ్‌వాల్ ఎంత వంగితే లోపల అంత వేడి పుడుతుంది, టైరు పేలేది ఎక్కువగా ఆ వేడి వల్లే. ఆగిన ప్రతిచోటా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ట్రెడ్ వేడి చూస్తుంటాను. అంకె ఎంతన్నది కాదు, జత టైర్ల మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. ఎడమ వెనకది కుడి వెనకదానికన్నా పది డిగ్రీలు ఎక్కువుంటే గాలి తగ్గిందనో, బ్రేకు పట్టేస్తోందనో అర్థం.

పది ప్లై అని పిలిచినా లోపల పది పొరలుండవు. సైడ్‌వాల్‌లో రెండో మూడో పాలియెస్టర్ పొరలు, ట్రెడ్ కింద స్టీలు బెల్టులు ఉంటాయి. ప్లై రేటింగ్ అన్నది పాత నూలు టైర్ల కాలం నాటి బలానికి సమానమని చెప్పే గుర్తు. లోడ్ రేంజ్ సి అంటే 6 ప్లై, 50 పీఎస్ఐ. డి అంటే 8 ప్లై, 65. ఈ అంటే 10 ప్లై, 80.

ఈ పీఎస్ఐ దగ్గరే అసలు మెలిక ఉంది. 35 పీఎస్ఐ గాలితో ఎల్‌టీ టైరు మోసే బరువు, అదే 35తో అదే సైజు ప్యాసింజర్ టైరు మోసేదానికన్నా తక్కువ. బలమైన టైరు వేశాం కదా అని డోరు స్తంభం మీది స్టిక్కర్ చూసి 35 కొట్టిస్తే, ఖర్చు పెట్టి బండి సామర్థ్యం తగ్గించుకున్నట్టే. ఈ సైజులో ఎల్‌టీ సి రేంజ్ 50 పీఎస్ఐ దగ్గర 113కి, అంటే 1,150 కిలోలకు చేరుతుంది. కంపెనీ టైరుకు మనం లెక్కేసిన 1,136 మోయించాలంటే ఎల్‌టీకి సుమారు 50 పీఎస్ఐ కావాలన్నమాట. లోడ్ రేంజ్ ఈ అయితే 80 దగ్గర 123కి, 1,550 కిలోలకు వెళ్తుంది. జంట చక్రాలైతే 120, అంటే 1,400. మధ్యలో ఎంత గాలికి ఎంత బరువన్నది టైరు తయారీదారు ఇచ్చే పట్టికలో ఉంటుంది, అది తెచ్చుకుని కాటా చీటీ పక్కన పెట్టుకోవాలి. నేను ట్రైలర్ ఉన్నప్పుడు వెనక 65, ముందు 50 ఉంచుతాను. ఖాళీగా నాలుగింటికీ 45. వెనక 80 అక్కర్లేదు. పట్టికలో 865కి అంత అడగదు, పైగా 80తో ట్రెడ్ అంచులు రోడ్డును సరిగా పట్టవు.

గాలి చూసేది టైరు చల్లగా ఉన్నప్పుడే, అంటే బండి మూడు గంటలు ఆగాక. నడిచాక 4 నుంచి 6 పీఎస్ఐ పెరగడం మామూలే. దాన్ని చూసి వేడి టైరులోంచి గాలి తీసేవాళ్ళున్నారు, చల్లారాక అది తక్కువ గాలి టైరు అయి కూర్చుంటుంది. బయటి వేడి 5, 6 డిగ్రీలు మారితే సుమారు 1 పీఎస్ఐ మారుతుంది కాబట్టి చలికాలం మొదట్లో తప్పకుండా సరిచూడండి. డాష్‌బోర్డు మీది గాలి హెచ్చరిక దీపాన్ని నమ్ముకోవద్దు. అది స్టిక్కర్ మీది 35ను బట్టి, సుమారు పావు వంతు తగ్గాక, 26 దగ్గర వెలుగుతుంది. మీ టైరుకు కావాల్సింది 65. దీపం వెలిగేసరికి టైరు ఎప్పుడో ఉడికిపోయి ఉంటుంది. కొత్త పరిమితి పెట్టుకునే వీలు బండిలో లేకపోతే విడిగా వాల్వు మూతల సెన్సర్లు కొనండి, ట్రైలర్ చక్రాలకూ కలిపి.

వాల్వు సంగతి ఎవరూ అడగరు. మామూలు రబ్బరు వాల్వు, టీఆర్413 అనేది, 65 పీఎస్ఐ దాకానే. మనం చల్లగా 65 పెడితే వేడెక్కాక అది 70కి అటూఇటూ అవుతుంది. వాల్వును పక్కకు వంచి మొదలు చూడండి. రబ్బరు రిమ్ము రంధ్రం దగ్గర ఉబ్బి, చుట్టూ సన్నటి పగుళ్ళు కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. 100 పీఎస్ఐ దాకా తట్టుకునే టీఆర్600హెచ్‌పీ గానీ, నట్టుతో బిగించే లోహపు వాల్వు గానీ వేయించాలి. టైరు రిమ్ము మీదికి ఎక్కించే రోజే చెప్పాలి, తర్వాతైతే మళ్ళీ బీడ్ (రిమ్మును పట్టుకునే టైరు అంచు) విప్పాలి. రిమ్ము వెనకవైపు దాని బరువు పరిమితి అచ్చు పోసి ఉంటుంది, అదీ చూడండి. 1,550 కిలోల టైరును 1,100 కిలోల రిమ్ముకు తొడిగితే మీకు దక్కేది 1,100. అలాగే టైరు మార్చినంత మాత్రాన బండి ఇరుసు పరిమితి గానీ, లాగే పరిమితి గానీ ఒక్క కిలో కూడా పెరగదు.

ఖాళీ బండి సంగతికొద్దాం. ఒక్కో టైరు కంపెనీ దానికన్నా 5 నుంచి 7 కిలోలు బరువెక్కువ. చిన్న గుంటలోనూ వెనక భాగం ఎగిరిపడుతుంది, బ్రేకు కొంచెం ముందుగా తొక్కాలి, మైలేజీ తగ్గినట్టు స్పష్టంగా తెలుస్తుంది. ట్రైలర్‌తో ఉన్నప్పుడు తేడా అంతగా కనిపించదు, అప్పుడు ఇంధనం తాగేది గాలి ఎదురే. ఆల్ టెర్రైన్ ట్రెడ్ కొత్తలో 12 మిల్లీమీటర్లుండి చప్పుడు తక్కువగానే ఉండేది. సగం అరిగాక బ్లాకుల వెనక అంచులు రంపపు పళ్ళలా తయారై మోత మొదలైంది. 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి రొటేషన్ (టైర్ల చోట్లు మార్చడం) చేస్తే ఇది నెమ్మదిస్తుంది, పూర్తిగా ఆగదు. వెనక చక్రాలు తిప్పే బండికి పద్ధతి ఇది: వెనకవి అదే వైపు నేరుగా ముందుకు, ముందువి అడ్డంగా మారి వెనక్కి.

లోతు చూసే గేజి ప్రతి టైరుకు మూడు చోట్ల పెట్టండి. నా వెనక టైర్లలో ఒక దశలో నడుమ 5 మిల్లీమీటర్లు, రెండు అంచుల్లో 6.5 చూపించింది. ట్రైలర్ విప్పాక గాలి తగ్గించకుండా 65తోనే తిప్పితే వచ్చే అరుగుదల ఇది. ఇక ఈ ట్రెడ్‌లో గులకరాళ్ళు ఇరుక్కుంటాయి. వారానికోసారి స్క్రూడ్రైవరుతో తీసేయకపోతే గాడి అడుగును తొలుచుకుంటూ బెల్టు దాకా పోతాయి.

తడి రోడ్డు దీని బలహీనత. రబ్బరు గట్టిది, బ్లాకుల మీద సన్న గాట్లు తక్కువ. ట్రెడ్ 4 మిల్లీమీటర్లకు దిగాక వానలో బ్రేకు పట్టు బాగా పడిపోయింది. అరుగుదల గుర్తు 1.6 దగ్గరుంటుంది గానీ ట్రైలర్ లాగే బండికి అంతదాకా ఆగకూడదు, నేను 3.5కే తీసేస్తున్నాను. ఎల్‌టీ టైర్ల మీద ట్రెడ్‌వేర్ (అరుగుదలను పోల్చి చెప్పే) అంకె ఉండదు కాబట్టి ప్యాసింజర్ టైరుతో పోల్చి ఎన్నాళ్ళొస్తుందో చెప్పడం కుదరదు. వచ్చే సెట్టు హైవే ట్రెడ్, ఎల్‌టీ, ఈ రేంజ్. నిలువు గాళ్ళు, దగ్గర దగ్గరగా బ్లాకులు, తక్కువ మోత, తడిలో మెరుగైన పట్టు. మట్టి దారిలోకి, బురదలోకి ట్రైలర్ దింపేవాళ్ళకు ఆల్ టెర్రైనే సరి. మంచు ప్రాంతమైతే ఎం+ఎస్ (బురద, మంచు) అక్షరాలతో సరిపెట్టుకోకండి, కొండ బొమ్మలో మంచు నక్షత్రం గుర్తు ఉన్నదే పరీక్షలో నెగ్గిన టైరు.

సైజు పెంచుదామనే ఆశ చాలామందికి ఉంటుంది. 275/65ఆర్18 వ్యాసం సుమారు 815 మిల్లీమీటర్లు, 285/75ఆర్18ది 885. అది 8.6 శాతం ఎక్కువ. ఇరుసులోని 3.73 గేరు నిష్పత్తి 3.43లా పనిచేస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు గేరుబాక్సు ఊరికే కింది గేర్లకు దిగుతూ వేడెక్కుతుంది. స్పీడోమీటరు 100 చూపిస్తుంటే మీరు పోయేది దాదాపు 109. చూపుకు బాగుంటుందేమో, లాగే బండికి అది శిక్ష.

ఎస్‌టీ అని రాసి ఉన్న టైర్లు ట్రైలరుకే, పికప్‌కి వేయకూడదు. కొనేటప్పుడు టైరు పక్క మీద ఉండే డాట్ కోడు చివరి నాలుగంకెలు చూడండి, అవి తయారైన తేదీ. 3523 అంటే 2023లో 35వ వారం. నాలుగూ దగ్గరి తేదీలవై ఉండాలి, మూలన ఏళ్ళ తరబడి పడున్నది అంటగట్టనివ్వకండి. స్టెప్నీ కూడా ఇదే రకం, ఇదే సైజు వేయించండి. పాత ప్యాసింజర్ టైరే స్టెప్నీగా ఉంటే వెనక పంక్చరైన రోజు ఒక పక్క గట్టి టైరు, ఒక పక్క మెత్తటి టైరుతో ట్రైలర్ లాగాల్సి వస్తుంది. ఫోర్‌వీల్ డ్రైవ్‌లో ఆ వ్యాసం తేడా ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసును కూడా తినేస్తుంది.

వేయించాక మొదటి రోజు బలంగా బ్రేకులు వద్దు, బీడ్‌కు రాసిన జారుడు ద్రవం ఆరేదాకా టైరు రిమ్ము మీద జారే వీలుంది, జారితే బ్యాలెన్సింగ్ పోతుంది. మొదటి 800 కిలోమీటర్లు ట్రైలర్ తగిలించకండి, కొత్త లోతు ట్రెడ్ కాస్త మెత్తగా కదులుతూ ఉంటుంది. 80 నుంచి 160 కిలోమీటర్ల మధ్య వీల్ నట్లు టార్క్ రెంచితో, మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకు, మళ్ళీ బిగించండి.