మొలత్కోవ్ రష్యన్ జాతీయాల నిఘంటువు: చివరి పేజీలు ఊడేదాకా వాడాక

రష్యన్‌లో నాలుకకీ భాషకీ మాట ఒకటే, యజీక్. అది వాళ్ల అక్షరమాలలోని ఆఖరి అక్షరంతో మొదలవుతుంది కాబట్టి ఏ నిఘంటువులో చూసినా చిట్టచివర ఉంటుంది. నా దగ్గరున్న జాతీయాల నిఘంటువు మిగతా అంతా గట్టిగానే ఉంది. ఆ చివరి పేజీలు మాత్రం కుట్టు వదిలేశాయి. వాటిని అంతగా తిరగేశాను.

1967లో మాస్కోలో మొలత్కోవ్ సంపాదకత్వంలో వచ్చిన పుస్తకం ఇది. రష్యన్ చదివినవాళ్లకి దీన్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. నాలుగు వేల పైచిలుకు జాతీయాలు, ఒక్కోదానికి అర్థం, రచయితల నుంచి తీసిన వాక్యాలు. ఇందులో నన్ను కట్టిపడేసింది ఒకే ఒక్క ఏర్పాటు. దాని గురించే రాస్తున్నాను.

ఒక జాతీయం ఇందులో ఒక్కచోటే ఉండదు. అందులోని మాటలన్నిటి కిందా దాని పేరు కనిపిస్తుంది. అర్థం మాత్రం ఒకచోట ఇచ్చి, మిగతా చోట్ల 'ఫలానా చోట చూడు' అని పంపిస్తారు. రష్యన్ పిల్లాడికి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. మెడిసిన్ చదవడానికి గుంటూరు నుంచి రష్యాలో వోల్గా నది ఒడ్డుకి వెళ్లిన నాలాంటివాడికి మాత్రం ఇది ప్రాణం. ఎందుకంటే వాళ్లు వేగంగా మాట్లాడుతున్నప్పుడు మొత్తం వాక్యం చెవికి అందదు. అందేది ఒక్క మాట, అది కూడా ఏ మూలదో తెలియదు. ఆ ఒక్క మాట పట్టుకుని వెళ్తే ఈ పుస్తకం మిగతాది అప్పజెబుతుంది.

మా కోర్సు ఆరేళ్లు. పాఠాలు ఇంగ్లిష్‌లోనే నడిచేవి. మూడో ఏడు వార్డులు మొదలయ్యాక అసలు కథ మొదలైంది, పేషెంట్లకి ఇంగ్లిష్ రాదు కదా. ఒకరోజు మెడిసిన్ వార్డులో, గుండె బలహీనపడి కాళ్లు వాచిన ఒక బాబూష్కా, అంటే ముసలావిడ, దగ్గర కేస్ షీట్ రాసుకుంటున్నాను. ఆవిడ నీరసంగా, వసంతం దాకా బతకను నేను, అంది. పక్క మంచం మీదావిడ కస్సున లేచింది. ఏదో అరిచింది, నాకు దొరికిందల్లా 'తిపూన్'. గదిలో మిగతావాళ్లంతా నవ్వారు, కాళ్లు వాచినావిడతో సహా. తిట్టుకి ఎవరైనా నవ్వుతారా అని నాకు ఆశ్చర్యం.

ఫోన్‌లో అనువాదం కొట్టి చూస్తే పక్షులకు వచ్చే ఏదో జబ్బు పేరు చూపించింది. హార్ట్ ఫెయిల్యూర్ వార్డులో పక్షుల జబ్బు ఎందుకొచ్చిందో అంతుపట్టలేదు. సాయంత్రం హాస్టల్‌కి వచ్చి ఈ పుస్తకంలో తిపూన్ దగ్గర తెరిస్తే, అది నన్ను తిన్నగా యజీక్ దగ్గరికి పంపింది. 'తిపూన్ తిబే నా యజీక్', అంటే నీ నాలుక మీద తిపూన్ పుట్ట. అశుభం పలికినవాళ్లని ఆపడానికి అనే మాట. అవతలివాళ్ల చెడు కోరి అనేది కాదు. మన ఇళ్లలో ఎవరైనా పాడు మాట అంటే 'ఛ, తథాస్తు దేవతలుంటారు, అలా అనకూడదు' అని పెద్దవాళ్లు గద్దిస్తారే, సరిగ్గా అదే పని.

మర్నాడు వార్డుకి వెళ్లి ఆ పక్క మంచం ఆవిడని తిపూన్ అంటే ఏమిటని అడిగాను. అర్థం అప్పటికే తెలుసు గానీ ఆవిడ నోట వినాలనిపించింది. కోళ్లకి నాలుక చివర గట్టిగా పొక్కులా పెరుగుతుందట. వాళ్ల ఊళ్లో చిన్నప్పుడు చూసిందట. అది వస్తే కోడి గింజ ఏరుకోలేదు, సరిగ్గా అరవనూ లేదు. కోడి నోరు తెరిచి వాళ్లమ్మ ఎలా చూసేదో చేతులతో చేసి చూపించింది. ఆ తర్వాత ఆ గదిలో కేస్ హిస్టరీ తీసుకోవడం నాకు చాలా తేలికైంది. నేను అడక్కముందే ఒక్కొక్కరు తమ నొప్పుల గురించి చెప్పుకొచ్చేవారు, మధ్యలో ఇంకో జాతీయం నేర్పేవారు. మా హాస్టల్లో తెలుగు కుర్రాళ్లకి కూడా ఆ మాట అంటుకుంది. ఎవడైనా 'ఒరేయ్, ఈసారి అనాటమీ పోయేలా ఉంది' అంటే, 'తిపూన్ రా నీకు' అని పక్కవాడు అనేవాడు.

ఒక మాట కోసం వెళ్లి ఆ పేజీల్లోనే గంటసేపు ఉండిపోవడం తరచూ జరిగేది. అక్కడ నాలుక మనిషి చెప్పినట్టు వినేది కాదు, దాని బతుకు దానిది. మాట్లాడాలని దానంతటదే దురద పెడుతుంది, మనకి నోటి దురద ఉన్నట్టే. కష్టమైన మాట చెప్పాల్సి వస్తే తిరగనంటుంది: యజీక్ నె పవరాచివయెత్సా. పోయిన మనిషి ఇంటివాళ్లకి కబురు చెప్పాల్సిన డాక్టర్ ఆ మాట అనడం విన్నాను. మనం 'చెప్పడానికి నోరు రాలేదు' అంటాం. వాళ్ల దగ్గర నాలుక చేసే పనులు మన దగ్గర నోరు చేస్తుంది. వాళ్లకి మాట నాలుక మీంచి ఊడిపడితే మనకి నోరు జారుతుంది. వాళ్లు నాలుకని పళ్ల వెనక పట్టి ఉంచమంటారు, మనం నోరు కట్టేసుకోమంటాం. వదరుబోతు నాలుకకి వాళ్ల లెక్కలో ఎముకలుండవు, మన లెక్కలో నరం ఉండదు.

నాలుకని మింగేయడం అనేది ఒకటుంది, అది చూసి మురిసిపోయాను. ఎవరైనా మాట్లాడకుండా బిగుసుకుపోతే 'నాలుక మింగేశావా' అంటారు. వంట అద్భుతంగా ఉందని చెప్పడానికీ 'నాలుక మింగేస్తావు' అంటారు. నైట్ డ్యూటీ తర్వాత మాకు బాగా పనికొచ్చింది 'యజీక్ నా ప్లెచే', నాలుక భుజం మీద వేలాడుతోందని, అంటే అలసిపోయి ఉన్నామని. మన ఇంటిపేర్లు, అసలు పేర్లు కలిపి హాజరు పిలిచే ప్రతి రష్యన్ టీచర్ దగ్గరా 'యజీక్ స్లమాయెష్' విన్నాను, నాలుక విరిగిపోతుందని. నవ్వుతూ అనేవారు, రెండో వారానికి పేరు సరిగ్గానే పలికేవారు.

ఇంతదాకా మెచ్చుకున్నదంతా నిజమే. కానీ కొన్ని విషయాలు చెప్పి తీరాలి. రెండుసార్లు పేజీలు తిప్పించే ఆ ఏర్పాటు హాస్టల్ గదిలో బాగుంటుంది, వార్డులో నిలబడి చూడటానికి పనికిరాదు. విన్నది క్రియ అయితే దాని మూలరూపం ముందు మనమే పట్టుకోవాలి, మొదటి ఏడు అది కుదరదు. సామెతల కోసం ఇందులో వెతకొద్దు. 'నాలుక కీవ్ దాకా తీసుకెళ్తుంది', అంటే అడుగుతూ పోతే ఎంత దూరమైనా చేరతాం అనేలాంటి వాటికి జూకోవ్ 1966లో వేరే నిఘంటువు చేశాడు, అది కూడా ఉండాలి.

జాతీయాల పుట్టుక గురించి కూడా ఇందులో చెప్పేది తక్కువ. చక్కగా మాట్లాడేవాడి నాలుక 'బాగా వేలాడదీసి ఉంది' అంటారు, యజీక్ ఖరషో పద్వేషెన్. దాన్ని గంటతో ముడిపెట్టి చెప్పే రష్యన్లున్నారు. చర్చి గంట లోపల కొట్టే కడ్డీని కూడా వాళ్లు యజీక్ అనే అంటారు. అక్కడ గంట కదలదు, తాడు పట్టి దాని నాలుకనే లాగుతారు. ఉగ్లిచ్ అనే ఊరి గంట సంగతి విన్నాక ఆ మాట నాకు ఇంకా దగ్గరైంది. 1591లో యువరాజు ద్మీత్రి చనిపోయినప్పుడు జనాన్ని లేపిందని ఆ గంటకి శిక్ష వేశారు. నాలుక పీకేసి, సైబీరియాలోని తబోల్స్క్‌కి పంపేశారు. తిరిగి ఊరికి చేరింది 1892లో. నాలుక కోల్పోయిన గంట మూడు వందల ఏళ్లు ప్రవాసంలో ఉండటం ఏ నిఘంటువు ఉదాహరణ కన్నా ఎక్కువ గుర్తుంటుంది.

ఎవరితో ఏ మాట అనొచ్చో పుస్తకాల వాక్యాలు చూసి తెలుసుకోవడం కష్టం. మా జూనియర్ ఒకమ్మాయి హెడ్ నర్సుని మెచ్చుకుంటూ మీ నాలుక బాగా వేలాడదీసి ఉందంది. నర్సుకి అది నువ్వు వట్టి మాటకారివి అన్నట్టు వినిపించి వారం రోజులు మొహం చూడలేదు.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది క్యాజువాలిటీ. నాలుక చిక్కుపడింది, యజీక్ జాప్లెతాయెత్సా, అంటే తాగినవాడి మాట, లేదా నిద్రలేనివాడి మాట అనే చదువుకున్నాను. నాలుక పోయింది, యజీక్ అత్‌న్యాల్‌స్యా, అంటే భయంతో మాట రాకపోవడం. ఒక ఉదయం ఒకావిడ భర్తని తీసుకొచ్చి ఆ మొదటి మాటే అంది. తలుపు దగ్గరున్నతను రాత్రి ఎంత తాగాడని అడిగాడు. డ్యూటీ డాక్టర్ ఆ ప్రశ్న దాటేసి, నవ్వమంది, రెండు చేతులూ ఎత్తమంది, ఒక వాక్యం తన వెంట పలకమంది. కుడి చెయ్యి కిందికి జారింది. పక్షవాతమేమో అని వెంటనే స్కాన్‌కి పంపారు, ఎందుకంటే మెదడులో రక్తపు గడ్డని కరిగించే మందు ఇవ్వడానికి లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలే గడువు. ఆవిడ చెప్పింది జాతీయం కాదు, కళ్లారా చూసింది. మన దగ్గరా పక్షవాతం వచ్చినవాళ్ల ఇంటివాళ్లు 'మాట ముద్దగా వస్తోంది, మాట పడిపోయింది' అనే అంటారు. పుస్తకం జాతీయార్థం దగ్గర ఆగుతుంది, ఆగడం దాని పనే. ఆ రోజు నుంచి ఆ రెండు మాటలూ ఎవరి నోట విన్నా ముందు పేషెంట్ మొహం చూస్తున్నాను.

కాబట్టి కొనమని అందరికీ చెప్పలేను. ఆరేళ్లు గడిపి, ఇంటికొచ్చి, ఇక్కడ డాక్టరుగా పనిచెయ్యడానికి పాసవ్వాల్సిన స్క్రీనింగ్ పరీక్ష రాస్తే చాలు అనుకునేవాళ్లకి మెడికల్ రష్యన్ పాఠ్యపుస్తకం సరిపోతుంది. నాకు పేషెంట్లతో కబుర్లు చెప్పడం ఇష్టం, వార్డులో ఎక్కువసేపు ఉండేవాణ్ని, అందుకని నాకు ఇంతగా కలిసొచ్చింది. మొదటి రెండేళ్లు దీని జోలికి పోవద్దు. మూడో ఏడు వార్డులు మొదలయ్యే ముందు పాత పుస్తకాల షాపుల్లో చూడండి, ముద్రణ ఏదైనా పరవాలేదు. గదిలో ఇద్దరు ముగ్గురు ఉంటే కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.