విజిట్ వీసా మీద పనికి పంపిస్తామంటే ఒప్పుకోకండి: మా అక్కకి జరిగింది చదవండి

నరసాపురం, పాలకొల్లు, రాజోలు, మలికిపురం వైపు నుంచి గల్ఫ్ వెళ్దామని పాస్‌పోర్టు తీసుకుని ఎదురుచూస్తున్న అక్కచెల్లెళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఇది చివరిదాకా చదవండి. చదవడం రానివాళ్ళు ఉంటే దయచేసి చదివి వినిపించండి. మా అక్క లక్షా ముప్పై వేలు కట్టి శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి వెనక్కి వచ్చింది. ఆ ఏజెంటు మళ్ళీ మన ఊళ్ళలో తిరుగుతున్నాడని తెలిసి రాస్తున్నాను.

అక్కకి 34 ఏళ్ళు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. ఇంట్లో లేసు అల్లుతుంది, పని ఉన్నప్పుడు రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్తుంది. బావ నడుం నొప్పితో మంచాన పడ్డాక పిల్లల ఫీజులకే అప్పులు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే వచ్చాడు అతను. కువైట్‌లో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చిన మనిషి, మాకు తెలిసినవాళ్ళకి చుట్టం. హాస్పిటల్లో క్లీనింగ్ పని, కంపెనీ వీసా, నెలకి 120 దీనార్లు అన్నాడు. మెడికల్ కూడా చేయించాడు. దాంతో మాకు పూర్తిగా నమ్మకం కుదిరింది. గొలుసు తాకట్టు పెట్టి 80 వేలు చేతికిచ్చాం. మిగతా 50 వేలు అతను చెప్పిన ఇంకెవరిదో నంబరుకి ఫోన్‌పే చేశాను.

నెలన్నర తర్వాత మాట మారింది. కువైట్ వీసాలు ఆలస్యమవుతున్నాయి, ముందు ఒమాన్‌లోని మస్కట్ వెళ్తే అక్కడ ఆఫీసువాళ్ళు వర్క్ వీసాకి మార్చేస్తారు అన్నాడు. ప్రయాణం రెండు రోజుల్లో ఉందనగా వాట్సాప్‌లో వీసా పంపాడు. పేరు, పాస్‌పోర్టు నంబరు సరిగ్గా ఉన్నాయా అని మాత్రమే చూశాను. అది టూరిస్టు వీసా అని పైనే రాసి ఉంది. డిగ్రీ చదివిన నేను ఆ ఒక్క లైను చదవలేదు. ఈ బాధ నాకు ఎప్పటికీ పోదు.

“చెల్లెలు మస్కట్‌లో ఉంది, చూడ్డానికి వెళ్తున్నానని చెప్పు” అని అక్కకి నేర్పి పంపాడు. కౌంటర్లో ఆఫీసరు చెల్లెలి పేరేంటమ్మా, ఏ పని చేస్తుంది, టికెట్టు ఎవరు కొన్నారు అని అడిగారట. అక్కకి అబద్ధం చెప్పడం రాదు, ఏడ్చేసింది. విమానం ఎక్కనివ్వలేదు. డబ్బంతా పోయిందని నాకు ఫోన్ చేయడానికి కూడా భయపడి, తెల్లారేదాకా బయట బెంచీ మీదే కూర్చుంది. పొద్దున్నే నేను ఏజెంటుకి ఫోన్ చేస్తే, “ఈసారి ముంబై మీదుగా పంపిస్తాను, ఇంకో 25 వేలు సర్దండి” అన్నాడు.

ఆ తర్వాతే నేను ఇవన్నీ తెలుసుకోవడం మొదలుపెట్టాను. పదో తరగతి పాసవ్వనివాళ్ళ పాస్‌పోర్టు మీద మామూలుగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్, అంటే పనికి వెళ్ళేముందు తనిఖీ అవసరం) అని ఉంటుంది. అలాంటివాళ్ళు కువైట్, సౌదీ, ఒమాన్, ఖతార్, బహ్రెయిన్, యూఏఈతో కలిపి 18 దేశాలకి పని కోసం వెళ్ళాలంటే విదేశాలకి పనికి వెళ్ళేవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు నుంచి క్లియరెన్స్ తీసుకోవాలి. ఆడవాళ్ళకైతే 30 ఏళ్ళు కూడా నిండి ఉండాలి. చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి ఈ క్లియరెన్స్ అక్కర్లేదు. ఏజెంట్లు వాడుకునేది సరిగ్గా దీన్నే. విజిట్ వీసా మీద వెళ్ళిన మనిషి కాగితాల ప్రకారం పనికి వెళ్ళినట్టే కాదు. జీతం ఎంతో రాసిన కాంట్రాక్టు ఉండదు. క్లియరెన్స్‌తో వెళ్ళేవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 275 రూపాయలు కడితే రెండేళ్ళకి 10 లక్షల బీమా వస్తుంది, అదీ ఉండదు. అక్కడ యజమాని జీతం ఇవ్వకపోతే ఏ కాగితం చూపించి అడుగుతాం? అక్కని వెనక్కి పంపిన ఆ ఆఫీసరుకి ఇప్పుడు మా ఇంట్లో అందరం దండం పెట్టుకుంటున్నాం.

ఇక “అక్కడికెళ్ళాక మార్చుకోవచ్చు” అనే మాట. టూరిస్టు, విజిట్ వీసాలని దేశంలో ఉండగానే వర్క్ వీసాగా మార్చడాన్ని ఒమాన్ 2023 అక్టోబరు చివర్లోనే ఆపేసింది. మాకు ఆ మాట చెప్పింది ఆ తర్వాతే. కువైట్ వీసా అయితే అది ఎన్నో నంబరో అడగండి. 18 అంటే కంపెనీ పని, 20 అంటే ఇంటిపని. 20 మీద వెళ్ళి 18కి మారడానికి 2024లో రెండు నెలలు అవకాశం ఇచ్చారు గానీ, అది ఎప్పుడూ ఉండేది కాదు. కాబట్టి హాస్పిటల్ పని అని చెప్పి 20 నంబరు వీసా చేతిలో పెడితే, మీరు వెళ్ళేది ఒకరి ఇంట్లో పనికే.

డబ్బు సంగతి కూడా చెప్తాను, మనవాళ్ళు ఎక్కువ మోసపోయేది ఇక్కడే. లైసెన్సున్న ఏజెంటు మన దగ్గర తీసుకోగలిగేది 30 వేలు, దాని మీద జీఎస్టీ. దానికి రసీదు ఇవ్వాలి. ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంట్లకి చట్టంలో చోటే లేదు. ఇంటిపనికి తీసుకెళ్ళే మనిషి దగ్గర రిక్రూట్‌మెంట్ ఆఫీసు డబ్బు తీసుకోకూడదని కువైట్ 2015లో చేసిన చట్టంలోనే ఉంది. లైసెన్సు నిజమో కాదో కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఫోన్లో చూడడం రాకపోతే పక్కింటి పిల్లల్ని అడగండి, మొహమాటం వద్దు. ఏ సందేహం ఉన్నా 1800 11 3090కి ఫోన్ చేయొచ్చు, అది ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు.

మేం స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాం. ఫోన్‌పే చేసిన 50 వేలు తిరిగొచ్చాయి, ఎందుకంటే దానికి సాక్ష్యం ఉంది. చేతికిచ్చిన 80 వేలు అసలు తీసుకోలేదంటున్నాడు. రసీదు అడిగితే “మన మధ్య రసీదులేంటి తమ్ముడూ” అని అప్పట్లో నవ్వాడు. నేనూ ఊరుకున్నాను. గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది, అక్క మళ్ళీ రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్తోంది.

వెళ్ళొద్దని నేను ఎవరికీ చెప్పడం లేదు. మా వీధిలో నాలుగు ఇళ్ళు గల్ఫ్ డబ్బుతోనే లేచాయి. డబ్బు ఇచ్చే ముందు వీసా కాగితం ఎవరితోనైనా పూర్తిగా చదివించుకోండి, నా దగ్గరికి తెచ్చినా చదివి చెప్తాను. నిన్న మలికిపురం నుంచి ఒక చెల్లెలు తన వీసా నాకు పంపింది. ఇంటిపని, జీతం బాగుంటుందని చెప్పారట. తెరిచి చూస్తే మళ్ళీ టూరిస్టు వీసానే. తను ఇంకా డబ్బు కట్టలేదు.