మూడేళ్ళుగా హెలికాప్టర్‌లో నాతో తిరుగుతున్న 24-105 లెన్స్

నేనుండేది న్యూజిలాండ్ దక్షిణ కొసన, ఇన్వర్‌కార్గిల్‌లో. ఏడాదికి మూడు నాలుగుసార్లు స్నేహితులతో ఖర్చు పంచుకుని, టె అనౌ అనే ఊరి నుంచి చిన్న హెలికాప్టర్‌లో ఫియోర్డ్‌ల్యాండ్ తీరం మీదికి వెళ్తాను. రోడ్డు అన్నదే లేని ఆ అడవినీ, దాని అంచున ఒంటరిగా కనిపించే రేకుల గుడిసెలనూ ఫోటోలు తీయడమంటే నాకు ప్రాణం. మూడేళ్ళుగా ఈ పనంతా ఒక్క 24-105 మిల్లీమీటర్ల ఎఫ్/4 జూమ్ లెన్స్‌తోనే చేస్తున్నాను. 24 దగ్గర అది విశాలంగా చూపిస్తుంది, 105 వైపు జరిపేకొద్దీ దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగుతుంది.

మొదట్లో 70-200 లెన్స్ పట్టుకెళ్ళేవాణ్ణి. పైనుంచి తీస్తున్నాం కదా, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగాలి అనుకున్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే గుడిసె బ్రహ్మాండంగా వచ్చింది, అడవి మాత్రం లేదు. అలాంటి గుడిసె ఏ ఊరి శివార్లలోనైనా ఉంటుంది. చుట్టూ మైళ్ళ కొద్దీ చెట్లు, ముందు అలలు, మధ్యలో అగ్గిపెట్టంత కప్పు కనిపిస్తేనే అక్కడ మనిషి ఎలా ఉంటున్నాడో తెలుస్తుంది. నా మంచి ఫోటోలన్నీ 35కీ 70కీ మధ్య తీసినవే.

తలుపులు తీసేసి ఎగిరేటప్పుడు లెన్స్ మార్చడం కుదరదు. చేతిలోంచి జారిన మూత తోక రోటర్‌కి తగిలితే అందరి ప్రాణాల మీదికీ వస్తుంది. అందుకే ఎక్కేముందే మూత, లెన్స్ ముందు ఎండ పడకుండా తగిలించే హుడ్ రెండూ తీసి కింద వదిలేస్తాను. హుడ్ ఉంటే గాలి దాన్ని పట్టుకుని కెమెరానే ఊపేస్తుంది. మోచేతిని హెలికాప్టర్ బాడీకి ఆనించకూడదు, ఆనిస్తే ఆ వణుకంతా ఫోటోలోకి వస్తుంది. షటర్ వేగం సెకనులో వెయ్యో వంతు (1/1000) కంటే కిందికి దించను. ఎఫ్/5.6 దగ్గర, అంటే వెలుతురు వచ్చే రంధ్రాన్ని కాస్త మూస్తే, ఈ లెన్స్ మూలల దాకా స్పష్టంగా ఇస్తుంది. పూర్తిగా తెరిస్తే మాత్రం 24 దగ్గర మూలలు మెత్తబడతాయి.

కష్టమల్లా వెలుతురుతోనే. ఫియోర్డ్‌ల్యాండ్‌లోని మిల్‌ఫర్డ్ సౌండ్‌లో ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వాన పడుతుంది. కింద అడవి దాదాపు నల్లగా ఉంటుంది, తడిసిన రేకు కప్పు అద్దంలా మెరుస్తుంది. కెమెరాకి వదిలేస్తే అడవిని చూసి వెలుగు పెంచుతుంది, కప్పు తెల్లగా మాడిపోతుంది. వెలుగుని స్టాప్‌లలో కొలుస్తారు, నేను మూడింట రెండు వంతుల స్టాప్ తగ్గించే తీస్తాను. చలికాలం, అంటే ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా, ఆకాశం కాస్త తేటగా ఉంటుంది. ఎండ ఏటవాలుగా పడి చెట్ల నీడలు పొడుగ్గా సాగుతాయి. ఎవరడిగినా అప్పుడే వెళ్ళమంటాను.

ఇక లోపాలు. ఏడాది తిరగకుండానే జూమ్ రింగ్ వదులైంది. కెమెరా కిందికి వంచగానే లెన్స్ దానంతట అదే 105కి జారిపోతుంది. హెలికాప్టర్ ఒక పక్కకి వాలి, గుడిసె సరిగ్గా కిందికి వచ్చే ఆ రెండు మూడు సెకన్లలోనే ఇలా అయితే ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను. ఇప్పుడు 50 దగ్గర పెట్టి టేపు చుట్టేస్తున్నాను. అప్పుడిక అది జూమ్ లెన్సే కాదు. ఈ ధరకి ఇది ఒప్పుకోదగిన విషయం కాదు. ఉప్పుగాలికి రింగు రబ్బరు కూడా తెల్లబడింది. లోపలికి దుమ్ము, తేమ మాత్రం ఇప్పటిదాకా చేరలేదు.

రెండేళ్ళ కిందట మార్టిన్స్ బేకి ఉత్తరాన ఉన్న బిగ్ బే మీద తీసిన ఫోటో ఒకటుంది. సెప్టెంబరు, వైట్‌బెయిట్ సీజన్. అంగుళం రెండంగుళాల ఆ చిన్న చేపల కోసం ఏటి నోళ్ళ దగ్గర వలలు వేసుకుని, రెండు నెలలూ గుడిసెల్లోనే ఉండేవాళ్ళుంటారు. ఈ ప్రాంతంలో అలాంటి గుడిసెని క్రిబ్ అంటారు. నా ఫోటోలో అలాంటిదొకటి ఉంది. పొయ్యి గొట్టంలోంచి పొగ, వాకిట్లో ఆరేసిన వల, గుమ్మంలో నిలబడి తల పైకెత్తి చూస్తున్న ఒక పెద్దాయన.

ఆయన ఎవరో కనుక్కుని, మీటరు వెడల్పున ప్రింటు వేయించి ఇచ్చాను. ముప్పై ఏళ్ళుగా అక్కడికి వెళ్తున్నా తన కప్పుని పైనుంచి చూడటం అదే మొదటిసారట. చాలాసేపు చూశాడు. తర్వాత గొట్టం పక్కన తుప్పు పట్టిన రేకు మీద వేలు పెట్టి, "ఇదన్నమాట కారేది" అన్నాడు.